నరసాపురం రేడియో కొట్టు: మూగబోయిన పాత కంప్యూటరుకు జరిగిన వైద్యం

నరసాపురంలో బోర్డు కూడా లేని ఒక మరమ్మతు దుకాణాన్ని గురించీ, పదిహేనేళ్ళు దాటిన మా ఇంటి కంప్యూటరు మూగబోయినప్పుడు అక్కడ జరిగిన పనిని గురించీ ఈ సమీక్ష రాస్తున్నాను. ఒకప్పుడు రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసిన చోటు కనుక ఊళ్ళోవాళ్ళు దాన్ని ఇప్పటికీ రేడియో కొట్టు అనే పిలుస్తారు. నడిపే పెద్దాయనకు డెబ్బై ఏళ్ళుంటాయి. కంప్యూటర్ల పని ఆయన మనవడు చూస్తాడు. ఈ కొట్టుకు నేను నూటికి ఎనభై మార్కులు వేస్తాను; తగ్గించిన ఇరవైకీ కారణాలున్నాయి.

మాది సఖినేటిపల్లి పక్కనున్న ఊరు. కంప్యూటరు 2009లో విడిభాగాలు కొని బిగించుకున్నది. ఇంటెల్ జీ31 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే ప్రధాన పలక), కోర్ 2 డ్యుయో ప్రాసెసరు, రెండు జీబీ ర్యామ్, విండోస్ 7 దాని సరంజామా. ఆ విండోస్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది కనుక ఇంటర్నెట్ తీగ పీకేసి చాలా కాలమైంది. ఇంకా ఆ పాత పెట్టెను ఎందుకు ఉంచుకున్నారని అడిగేవారికి నేను దాని వెనకవైపున్న నీలం రంగు జాక్‌ను చూపిస్తాను. లైన్ ఇన్ అనే ఆ జాక్ కోసమే దాన్ని ఉంచుకున్నాను. మా నాన్నగారు ఇంట్లో హార్మోనియం పెట్టుకుని పాడుకున్న పద్యాల కేసెట్లు నలభై దాకా ఉన్నాయి. కేసెట్ డెక్ నుంచి వచ్చే ధ్వనిని ఎడమ కుడి విడివిడిగా, బొంగురు పోకుండా అందుకోవడానికి మా ఇంట్లో ఉన్న మార్గం అదొక్కటే. లాప్‌టాప్‌కు ఇయర్‌ఫోనూ మైకూ కలిసిన జాక్ ఒక్కటే ఉంది. మైకు నుంచి వచ్చే ధ్వని చాలా సన్నంగా ఉంటుంది కనుక లోపల దాన్ని పెంచే ఏర్పాటు ఉంటుంది. డెక్ నుంచి వచ్చే బలమైన ధ్వనిని అక్కడ ఇస్తే రెండింతల మీద రెండింతలై గొంతు పగిలిపోతుంది. పైగా ఎడమా కుడీ కలిసి ఒకటైపోతాయి.

జబ్బు ఒక్కసారిగా రాలేదు. మొన్నటి వర్షాకాలం ముసురు పట్టిన రోజుల్లో పద్యం మధ్యలో ధ్వని హఠాత్తుగా ఆగిపోయేది. కేబినెట్ ముందువైపున్న ఇయర్‌ఫోన్ జాక్‌లో పిన్ను ఒకసారి పెట్టి తీస్తే మళ్ళీ వచ్చేది. కొన్నాళ్ళకు రెండు మూడుసార్లు పెట్టి తీయవలసి వచ్చింది. దసరా వెళ్ళేసరికి ఎన్నిసార్లు పెట్టి తీసినా పలకడం మానేసింది. ముందు జాక్‌లో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఒక చెవికి మాత్రం ఏదో లోతులోంచి వస్తున్నట్టు వినబడేది. ఆ సూచనను నేను అప్పట్లో పట్టించుకోలేదు గాని, రోగం పేరు అప్పటికే అందులో రాసి ఉంది.

కాలవకు నీరు రావడం లేదంటే లాకుల దగ్గరా, తూము దగ్గరా, బోదె దగ్గరా వరసగా చూసుకుంటూ రావడం మా ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. ధ్వని విషయంలోనూ అదే చేశాను. స్పీకర్ల తీగను కంప్యూటరు నుంచి తీసి ఫోనుకు పెడితే నిక్షేపంగా పాడాయి కనుక స్పీకర్లలో లోపం లేదని తేలింది. వెనకవైపు ఆకుపచ్చ జాక్‌లో నేరుగా ఇయర్‌ఫోన్ పెట్టినా ఏమీ వినబడలేదు. డివైస్ మేనేజరులో సౌండ్ వరస దగ్గర పసుపుపచ్చ హెచ్చరిక గుర్తేదీ లేదు. సౌండ్ అమరికల కిటికీ తెరిచి పాట పెడితే స్పీకరు బొమ్మ పక్కనున్న ఆకుపచ్చ గీతలు పాటకు తగ్గట్టు పైకీ కిందికీ ఆడుతూనే ఉన్నాయి. విండోస్ తన వంతు పంపుతూనే ఉంది, స్పీకరు అందుకోవడానికి సిద్ధంగానే ఉంది, మధ్యలో ఎక్కడో అడ్డు పడింది. నా జ్ఞానం అంతవరకే తీసుకువెళ్ళింది.

ముందుగా వెళ్ళింది ఈ కొట్టుకు కాదు. గోదావరి డెల్టాలోనే మరో పట్టణంలో అద్దాల తలుపులున్న ఒక దుకాణానికి వెళ్ళాను. దాని పేరు రాయదలచుకోలేదు. నేను చేసిన పరీక్షల గురించి చెప్పబోతే అక్కడి కుర్రవాడు సగంలోనే ఆపి, విండోస్ మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుందన్నాడు. సాయంత్రానికి విండోస్ ఎక్కింది, సౌండ్ డ్రైవరూ (ధ్వని భాగాన్ని నడిపించే ప్రోగ్రాము) ఎక్కింది, దానితోపాటు ఎవరూ అడగని రెండు ప్రోగ్రాములు కూడా వచ్చి కూర్చున్నాయి. ధ్వని మాత్రం రాలేదు. “సార్, బోర్డు మీద సౌండ్ పోయిందండి. ఈ మోడలు బోర్డు ఇప్పుడు దొరకదు, కొత్త సిస్టం తీసుకోవడమే” అని పది నిమిషాల్లో తీర్పు చెప్పి, పని జరగకపోయినా ఆరువందల రూపాయలు తీసుకున్నారు. కేబినెట్ మూత మాత్రం తీయలేదు. ఆ సంగతి నాకెలా తెలిసిందంటే, స్క్రూల మీద నేను ఏనాడో అంటించిన కాగితం ముక్క చెక్కుచెదరలేదు.

ఆ తరువాత మా బంధువొకరు చెబితే, సీపీయూను పాత దుప్పటిలో చుట్టి, బండి వెనక కట్టుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు (బల్లకట్టు) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం చేరాను. కొట్టులో సగం బల్లమీద విప్పిన ఆంప్లిఫయర్లు, సగం మీద కీబోర్డులు ఉన్నాయి. పెద్దాయన యంత్రాన్ని ముట్టుకోకుండా ముందు నన్ను కూర్చోబెట్టి, ఎప్పుడు మొదలైంది, వానలప్పుడు ఎక్కువా, పిన్ను పెట్టి తీస్తే వచ్చేదా అని వరసగా అడిగారు. ఆరువందలు తీసుకున్నవాళ్ళు అడగని ప్రశ్నలవి. మూత తీస్తే అడుగున రెండు బల్లిగుడ్లు కనబడ్డాయి. వాటిని దూదితో ఎత్తి అగ్గిపెట్టెలో పెట్టి కిటికీలో ఉంచిన తరువాతే బ్రష్షుతో దుమ్ము దులిపారు.

మొదటి పరీక్ష మనవడు చేశాడు. హార్డ్‌డిస్కును కదపకుండా, విండోస్‌కు బదులు వాడే లైనక్స్ మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటరును నడిపించాడు. రెండు జీబీ ర్యామ్‌తో అది నింపాదిగానే లేచింది. అక్కడా ధ్వని రాలేదు. అంటే విండోస్‌దీ, దాని డ్రైవరుదీ తప్పు కాదు. తరువాత అతను ఆల్సామిక్సర్ అనే నల్లటి కిటికీ తెరిచాడు. అందులో నిలువు గడుల్లో ఒక్కొక్క మార్గం ధ్వని స్థాయి కనిపిస్తుంది. అడుగున ‘ఎంఎం’ అని ఉన్నవి నోరు మూసిన మార్గాలు. బాణం మీట నొక్కుకుంటూ కుడివైపుకు పోయి, ఆటో మ్యూట్ (తనంతట తానే నోరు మూసే ఏర్పాటు) అనే గడి దగ్గర ఆగి దాన్ని ఆపేశాడు. ఆపిన మరుక్షణం వెనక జాక్‌కు తగిలించిన చిన్న స్పీకరు గొంతెత్తింది. పోయిందని తీర్పు చెప్పిన బోర్డు, రియల్‌టెక్ ఏఎల్‌సీ662 అనే సౌండ్ చిప్పుతో సహా, సలక్షణంగా ఉంది.

అప్పుడు పెద్దాయన టార్చిలైటు వేసి కేబినెట్ ముందువైపు చూశారు.

“ముందు కన్నంలో ఏం పెట్టారండి?”

“ఏమీ పెట్టలేదండి, బాబాయిగారూ.”

“ఆయ్, దానికి మాత్రం ఏదో పెట్టినట్టే ఉందండి.”

జరిగినది ఇదీ. ఇయర్‌ఫోన్ జాక్ లోపల, ధ్వనిని మోసే రేకులతోపాటు, పిన్ను వచ్చిందా లేదా అని బోర్డుకు చెప్పడానికి ఒక చిన్న మీట కూడా ఉంటుంది. పిన్ను దూరినప్పుడు దాని రేకులు ఒకదానికొకటి తగులుతాయి. బోర్డు అది గమనించి, మనిషి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు కనుక వెనకనున్న స్పీకర్లు ఊరుకోవాలని వాటి నోరు మూస్తుంది. మా ఇంటి మీదికి అంతర్వేది వైపు నుంచి ఉప్పుగాలి కొడుతుంది, దానికి తోడు ముసురు తేమ. ఆయన ఆ జాక్‌ను టంకం కరిగించి తీసి, బ్లేడుతో చీల్చి, భూతద్దం కింద పెట్టి చూపించారు. తోమకుండా వదిలేసిన రాగిచెంబు అడుగున పట్టినట్టే రేకుల మీద ఆకుపచ్చగా చిలుము పొడి కట్టింది. మీట రేకుల్లో ఒకటి స్ప్రింగు బిగువు పోయి రెండోదానిమీద వాలి అక్కడే అతుక్కుపోయింది. పిన్ను లేకపోయినా ఉన్నట్టే కబురు పోతోంది. నేను పిన్ను పెట్టి తీసిన ప్రతిసారీ ఆ అతుకు కాసేపు విడి, ధ్వని వచ్చేది. ధ్వనిని మోసే రేకుల్లో ఒకదానికి చిలుము పట్టడంవల్లనే ఒక చెవికి వినబడకుండా పోయింది. వాలిపోయిన ఆ రేకు గోరు అంచు కన్నా సన్నంగా ఉంది. దాని కోసం కొత్త కంప్యూటరు కొనమన్నారు.

ఇటువంటి లోపం ఉన్నవారు మరమ్మతుకు వెళ్ళకుండానే ఇంట్లో ప్రయత్నించగలిగిన మార్గం ఒకటుందని మనవడు చూపించాడు. రియల్‌టెక్ డ్రైవరుతో వచ్చే ఆడియో మేనేజరు తెరిస్తే కుడివైపు పైన పసుపుపచ్చ ఫోల్డరు బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ముందు ప్యానెల్ జాక్ గుర్తింపును ఆపే గడి కనిపిస్తుంది. అందులో టిక్కు పెడితే బోర్డు ముందు జాక్ చెప్పే మాట వినడం మానేస్తుంది. మొదటి దుకాణంవారు ఎక్కించిన డ్రైవరులోనూ ఆ గడి ఉంది గాని ఎవరూ తెరిచి చూడలేదు. దానికీ లొంగకపోతే మదర్‌బోర్డు మీద తొమ్మిది పిన్నుల వరసకు (ఎనిమిదో చోటు ఖాళీ కనుక అంకెలు పది దాకా ఉంటాయి) తగిలించి ఉండే ముందు ప్యానెల్ తీగను, కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, నిదానంగా ఊడదీయవచ్చు. అయితే ఇక్కడ పెద్దాయన ఒక జాగ్రత్త చెప్పారు. ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతికి ముందు, 1997 నాటి ఏసీ97 పద్ధతిలో చేసిన బోర్డులు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. వాటిలో ధ్వని ముందు జాక్ దాకా వెళ్ళి, అక్కడినుంచి తిరిగివచ్చి వెనక జాక్‌కు చేరుతుంది. వాటిలో ఆ తీగ ఊడదీస్తే తిరుగుదారి తెగి వెనక జాక్ కూడా మూగబోతుంది కనుక అయిదు, ఆరు పిన్నుల మధ్య ఒకటి, తొమ్మిది, పది పిన్నుల మధ్య ఒకటి జంపర్లు (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగులు) పెట్టాలి. ఆ రెండు జంపర్లు తెలియక మంచి బోర్డులను పాతసామాను వాళ్ళకిచ్చినవారిని తాను చూశానని ఆయన నొచ్చుకుంటూ చెప్పారు.

ఆయన నా జాక్ బదులు, మూలనపడి ఉన్న మరో కేబినెట్ నుంచి తీసిన జాక్‌ను టంకం పెట్టి బిగించారు. కంప్యూటరు వేసిన ప్రతిసారీ దాని తారీఖు వెనక్కి పోతున్న సంగతి నేను చెప్పకుండానే కనిపెట్టి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చారు. ఆ బ్యాటరీ అయిపోతే బయోస్ (కంప్యూటరు లేచేటప్పుడు మొదట నడిచే ప్రోగ్రాము) తనకు చెప్పిన అమరికలన్నీ మరచిపోతుంది. ముందు ప్యానెల్ ఏసీ97 రకమా హెచ్‌డీ రకమా అన్న అమరిక కూడా వాటిలో ఉంటుంది కనుక దాన్ని మళ్ళీ హెచ్‌డీకి పెట్టారు.

ఇంటికి తెచ్చి తగిలించాక ధ్వని వచ్చింది గాని, దాని వెనక గుయ్యిమని సన్నని రొద మొదలైంది. కొట్టులో లేని రొద ఇంట్లో ఎందుకుందని ఫోను చేస్తే, డెక్ ఏ స్విచ్‌బోర్డులో పెట్టారు, కంప్యూటరు ఏ స్విచ్‌బోర్డులో పెట్టారు, ఎర్తు ఉందా అని అడిగారు. రెండూ గదికి ఆ మూలా ఈ మూలా ఉన్న వేర్వేరు బోర్డుల్లో ఉన్నాయి. అలా ఉంటే ఆ రెంటి ఎర్తులకూ ధ్వని తీగకూ మధ్య ఒక చుట్టు ఏర్పడి, మన కరెంటుకుండే 50 హెర్ట్‌జ్ కంపనం అందులోంచి పాటలోకి దూరుతుంది. అన్నింటినీ ఒకే మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చగానే చాలావరకు తగ్గింది. మిగిలిన కాస్తా పెరట్లో ఎర్తు గొయ్యి దగ్గర తీగను పట్టి ఉంచే బిగింపు తుప్పుపట్టి వదులైనందువల్ల అని ఎలక్ట్రీషియను వచ్చాక తెలిసింది. మా నేల ఏడాది పొడుగునా తడిగానే ఉంటుంది, ఎర్తుకు అది మంచిదే. కాని ఆ తడిలోని ఉప్పే ఇనుమును తినేస్తుంది. రొద పోతుంది కదా అని ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను విరిచేసేవారు ఉన్నారనీ, అది ప్రాణం మీదికి తెస్తుందనీ పెద్దాయన ఫోనులో రెండుసార్లు చెప్పారు. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు మాత్రం ఇప్పటికీ రొద వస్తుంది. మాది చవకరకం చదరపు అల ఇన్వర్టరు. దాన్ని ఆ కొట్టు ఖాతాలో వేయడం న్యాయం కాదు.

స్పీకర్ల పని రెండో ప్రయాణంలో జరిగింది. గుండీ తిప్పుతుంటే కరకరలాడే జబ్బు వాటికి చాలా కాలంగా ఉంది. గుండీ లోపలి కర్బనపు పట్టీ మీద చేరిన దుమ్మే దానికి కారణమట. కాంటాక్టు క్లీనరు ఒక్క చుక్క కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పేసరికి నున్నగా తిరిగింది. లోపల ధ్వనిని పెంచే టీడీఏ2030 ఐసీల పక్కనున్న పెద్ద కెపాసిటరు తల బూరెలా ఉబ్బి ఉంటే దాన్నీ మార్చారు. ఉబ్బిన కెపాసిటరు కరెంటును సరిగా వడకట్టలేక బాస్ వచ్చినప్పుడల్లా ధ్వనిని బొంగురుచేస్తుంది.

అక్కడే 250 రూపాయలకు కొన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు సంగతి కూడా చెప్పాలి. బొటనవేలంత ముక్క అది, సీమీడియా సీఎం108 చిప్పుతో పనిచేస్తుంది. విండోస్ 7లో డ్రైవరేదీ అడగకుండా నిమిషంలో పలికింది. బోర్డు మీది సౌండ్ నిజంగానే పోయినవారికి, వినడం వరకే కావలసినవారికి, ఇంతకు మించిన చవక మార్గం లేదు. కాని దానికి లైన్ ఇన్ లేదు, ఉన్న మైకు జాక్ ఒకే చానెల్‌ది. ఎక్కువ ధ్వనితో వింటే పాట లేనిచోట సన్నని బుస వినబడుతుంది. కేసెట్లు ఎక్కించుకునే నాబోటివారికి అది స్టెప్నీ టైరు లాంటిదే. నేను కొంటానన్నప్పుడే పెద్దాయన, “మీ పనికి ఇది ఆనదండి, ఆలోచించుకోండి” అన్నారు. అమ్మకం పోతుందని తెలిసీ చెప్పిన మాట కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఖర్చు మొత్తం 650 రూపాయలు అయింది. జాక్ పనికి 150, స్పీకర్లకు 200, బ్యాటరీకి 50, సౌండ్ కార్డుకు 250. చేసిన పనికి ఇది తక్కువే అంటాను. ఇక ఇరవై మార్కులు తగ్గించడానికి కారణాలివి. రెండు రోజుల్లో ఇస్తామన్న కంప్యూటరును తొమ్మిది రోజులకు ఇచ్చారు. ఆ మధ్యలో పంటు దాటి ఒకసారి వట్టి చేతులతో తిరిగివచ్చాను. రమ్మని గాని వద్దని గాని వాళ్ళంతట వాళ్ళు ఫోను చేయరు. బిల్లు అడిగితే సిగరెట్టు పెట్టె అట్టమీద లెక్క వేసి ఇచ్చారు. అటువంటిచోట రేపు జాక్ మళ్ళీ మొరాయిస్తే ఏ ఆధారంతో అడగాలో తెలియదు. మూత బిగించి ఇచ్చినప్పుడు రెండు స్క్రూలు తక్కువ ఉన్నాయి, అవి ఇంకా రావలసే ఉన్నాయి. మొదటి దుకాణంవాళ్ళు వదిలిపోయిన ప్రోగ్రాములను తీసేయమంటే మనవడు ఒకదాన్ని తీసి రెండోదాన్ని మరచిపోయాడు.

అక్కడికి వెళ్ళేవారు సీపీయూ ఒక్కటే కాక స్పీకర్లూ, వాటి తీగలూ, రికార్డింగు కోసమైతే డెక్ కూడా వెంట తీసుకువెళ్ళడం మంచిది. నేను తీసుకువెళ్ళని కారణంగానే రెండుసార్లు రేవు దాటవలసి వచ్చింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్టు మూసి ఉంటుంది. ప్రస్తుతం ఆకుపచ్చ జాక్, నీలం జాక్ రెండూ బాగా పనిచేస్తున్నాయి. ఆడాసిటీ అనే రికార్డింగు ప్రోగ్రాములో 44,100 హెర్ట్‌జ్, 16 బిట్ల మీద రికార్డు చేస్తుంటే అరవై నిమిషాల కేసెట్ ఒక్కొక్కటీ ఆరువందల ఎంబీ దాకా తీసుకుంటోంది. ఇంతవరకు పదకొండు కేసెట్లు ఎక్కాయి. పన్నెండోదానిలో నాన్నగారి గొంతు అర శ్రుతి దిగి వినబడితే డెక్‌ను తీసుకువెళ్ళి చూపించాను. లోపలి రబ్బరు బెల్టు సాగిందట. కొత్తది తెప్పిస్తామని, వచ్చే బుధవారం రమ్మని చెప్పారు.